రాసినవాళ్ళే తుడవాలి

అన్నయ్య అలిగి ఎనిమిది నెలలైంది. ఎందుకు అలిగాడో బోర్డమ్మకు తెలియదు. పోనీ అడుగుదామంటే, "అదీ గుర్తులేదన్నమాట!" అని ఇంకో ఎనిమిది నెలలు అలుగుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అరిచి గోల చేసే మనిషైతే ఒక్క పూటలో తేలిపోయేది. అన్నయ్య ఆ రకం కాదు. వాడికి కోపమొస్తే మర్యాద పెరుగుతుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి "ఏయ్ తుడుపుగుడ్డా" అని పిలిచినవాడు కాస్తా, ఎనిమిది నెలలుగా "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తీసుకుంటారా?" అంటున్నాడు. సొంత చెల్లెల్ని "మీరు" అనే మనిషితో ఎవరు మాత్రం పోట్లాడగలరు? బోర్డమ్మ ఆ మంచినీళ్ళు తాగి, గ్లాసు పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కిన రోజులు చాలానే ఉన్నాయి.

బోర్డమ్మ అన్నది బస్సు డిపోవాళ్ళు పెట్టిన పేరు. డిపో గేటు పక్కన గోడంత నల్లబల్ల ఉంటుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ బల్లంతా తడిగుడ్డతో తుడిచి, రేపు ఏ బస్సు ఎవరు నడపాలో, ఏ కండక్టరు ఎక్కాలో, ఎన్నింటికి బయల్దేరాలో సుద్దముక్కతో రాయడం ఆమె ఉద్యోగం. నలభై మూడు బస్సులు, తొంభై మంది మనుషులు, వాళ్ళందరి అలకలూ ఆ బల్ల మీదే తేలాలి. అయినా ఆమె మీద డిపోలో ఎవరికీ పేచీ లేదు. నిన్న ఆమె మొహం మీదే నానా మాటలూ అన్న డ్రైవరుకు ఇవాళ మంచి రూటే పడుతుంది. "నిన్నటిది నిన్ననే తుడిచేశాను కదయ్యా" అంటుంది. నిజంగానే ఆమెకు గుర్తుండదు. గొడుగు ఎక్కడ పెట్టిందో, ఇంటి తాళం ఎవరికిచ్చిందో కూడా గుర్తుండదు, అది వేరే సంగతి.

గురువారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"ఆదివారం మీ మావయ్య వస్తున్నాడే, పిల్లల గదికి రంగు వెయ్యడానికి. నీ మేనకోడలికి ఏడేళ్ళొచ్చాయిగా, సొంత గది కావాలని ఒకటే గొడవ. నువ్వు కూడా రా, సామాన్లు జరపాలి."

"నలుపు తీసేస్తారా?" అంది బోర్డమ్మ.

"తీసెయ్యక? మీ అన్నయ్య ఏదో కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. చిన్నప్పటి గది రంగే మనిషిని తయారు చేస్తుందట. మన గది మీ ఇద్దర్నీ పాడు చేసిందట."

బోర్డమ్మకు దిగులు పట్టుకుంది. అదెందుకో తెలియాలంటే ఆ గది కథ చెప్పాలి.

అమ్మ అప్పట్లో నాలుగు గదుల చిన్న బడికి పెద్ద టీచరు. నాన్న ఓడల్లో వంట చేస్తూ నెలల తరబడి నీళ్ళ మీదే ఉండేవాడు కనుక ఇంట్లో చట్టమూ కోర్టూ రెండూ అమ్మే. ఒక వేసవి సెలవుల్లో అమ్మ తన తమ్ముడికి రెండు చీటీలు రాసిచ్చింది. మావయ్యది పెయింటింగు పని. బళ్ళో ఒక్కో గదికి ఒక్కో గోడ నల్లబల్ల, అంటే మొత్తం నాలుగు గోడలు. వాటికి నలుపు కొట్టాలి. ఇంట్లో పిల్లల గదికి ఎటూ నాలుగు గోడలే. వాటికి లేత నీలం వెయ్యాలి. ఒక చీటీలో "నాలుగు గోడలు, నలుపు, రెండు పూతలు" అని ఉంది. రెండో చీటీలో "నాలుగు గోడలు, లేత నీలం, రెండు పూతలు" అని ఉంది. ఏది ఎక్కడో రాయడం మాత్రం అంత పెద్ద టీచరూ మర్చిపోయింది.

మావయ్య అడిగితే పోయేది. అక్క మాట ఆయనకు వేదవాక్కు. వేదవాక్కును ఎవరూ తిరిగి ప్రశ్నించరు. చీటీలు రెండూ ఒకే జేబులో వేసుకున్నాడు, చేతికి ఏది తగిలితే దాని ప్రకారం నిమ్మకు నీరెత్తినట్టు పని కానిచ్చేశాడు. అమ్మ ఇంటికొచ్చి చూసేసరికి పిల్లల గది బొగ్గుల కొట్టు. బళ్ళో నల్లబల్లలు నాలుగూ లేత నీలం ఆకాశాలు.

"ఇదేం పనిరా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంటే, "నువ్వు టీచరువి కదక్కా, ఇంట్లో కూడా పాఠాలు చెప్పుకుంటావేమో అనుకున్నా" అన్నాడు మావయ్య.

బల్లలకు మళ్ళీ నలుపు కొట్టించింది అమ్మ. బడి తెరిచే వేళకు అదే ముఖ్యం. ఇంటి సంగతి తర్వాత చూద్దామంది. ఆ తర్వాత అన్నది రాలేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి గుమ్మంలోంచే తొంగి చూసి, "నల్లగదిలో పెరిగిన పిల్లలు వెలుగు చూస్తే ముడుచుకుంటారమ్మా" అని జోస్యం చెప్పి వెళ్ళింది. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకో మరి. పిల్లలిద్దరికీ మాత్రం స్వర్గం దిగొచ్చినట్టుంది. వాళ్ళకు దొరికింది గది కాదు, తలుపున్న నల్లబల్ల.

మొదట్లో బొమ్మలు గీసుకునేవాళ్ళు. తర్వాత తిట్టుకోవడం మొదలుపెట్టారు. బడిలో అరవై మంది రచ్చ, ఇంట్లో ఇద్దరి రచ్చ విని విసిగిపోయిన అమ్మ ఒకరోజు రూలు పెట్టింది. ఎవరికి ఎవరి మీద ఫిర్యాదున్నా నోటితో అనకూడదు, గోడ మీద రాసి, కింద రాసిందెవరో పెట్టాలి. రాసింది వారమంతా ఉంటుంది. ఆదివారం పొద్దున్న తడిగుడ్డతో తుడిచెయ్యాలి. రాసినవాళ్ళే తుడవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. తుడిచాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

అందరి ఇళ్ళలో గోడలకు చెవులుంటాయి. వీళ్ళ ఇంట్లో గోడలకు నోళ్ళుండేవి.

చెల్లెలికి ఆదివారమంటే మహా ఇష్టం. తడిగుడ్డ చేతిలో పడితే తన ఫిర్యాదులన్నీ చకచకా తుడిచేసి, నీళ్ళు కారే చేతులతో ఆటకు పరిగెత్తేది. అందుకే ఆ పేరు, తుడుపుగుడ్డ. అన్నయ్య అలా కాదు. తుడిచే ముందు పాత నోటుబుక్కు తెచ్చి, గోడ మీదున్నదంతా, తనదీ చెల్లెలిదీ కూడా, తేదీలతో సహా ఎక్కించుకునేవాడు. పెద్దయ్యాక ఒక ఆఫీసులో రికార్డు రూంలో కుదిరాడు. ముప్పై ఏళ్ళనాటి ఫైలు అడిగినా కళ్ళు మూసుకుని వెళ్ళి తెచ్చిస్తాడని అక్కడ పేరు. ఆమె తుడిచే ఉద్యోగంలో, అతను దాచే ఉద్యోగంలో పడ్డారు. అందుకు గోడ రంగు కారణమంటే, ఒకే రంగు ఇద్దర్ని ఇలా ఎలా చేసిందో ఆ కాగితం రాసినవాళ్ళే చెప్పాలి.

బోర్డమ్మ దిగులు వేరు. అన్నయ్యకు కోపం నోట్లోంచి వచ్చే దారి లేదు. చిన్నప్పట్నుంచి దానికి తెలిసిన దారి ఒక్కటే, ఆ గోడ. గోడే పోతే వాడి కోపం ఇక ఎప్పటికీ బయటికి రాదు. తను ఏం చేసిందో తనకు ఎప్పటికీ తెలియదు. వాడు ముసలివాడై కూడా "రండి, కూర్చోండి" అంటూనే ఉంటాడు. ఆ ఊహకే ఆమెకు ఏడుపొచ్చింది. ఆదివారం బయల్దేరే ముందు డిపో సుద్దముక్కల డబ్బా ఒకటి సంచీలో వేసుకుంది. దాంతో ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. ఉత్త చేతులతో వెళ్ళడం మాత్రం ఇష్టం లేకపోయింది.

ఆమె వెళ్ళేసరికి మావయ్య గరుకు కాగితంతో ఒక గోడ రుద్దడం అయిపోయి, తెల్ల ప్రైమరు కొడుతున్నాడు. అరవై ఆరేళ్ళొచ్చినా నిచ్చెన మీద కోతిలా ఉన్నాడు. కింద అమ్మ నిలబడి చీటీ చదువుతోంది.

"ఈసారి చూసుకోరా. 'మా ఇల్లు, పిల్లల గది, నాలుగు గోడలు, లేత ఆకుపచ్చ.' అడ్రసుతో సహా రాశాను."

"పిన్ కోడు రాయలేదక్కా" అన్నాడు మావయ్య పైనుంచి.

అన్నయ్య గుమ్మంలో ఎదురొచ్చాడు. చేతిలో ఫైలు. ఆదివారం కూడా ఫైలు పట్టుకునే మనిషి ప్రపంచంలో వాడొక్కడే ఉంటాడు.

"రండి. బస్సు బాగా దొరికిందా? మంచినీళ్ళు..."

"తాగే వచ్చాను అన్నయ్యా" అంది బోర్డమ్మ గబగబా. "ఆ కాగితంలో ఏముందిట?"

అన్నయ్య గొంతు సవరించుకుని చదివాడు. నీలం గదిలో పెరిగిన పిల్లలకు నిదానం, పసుపు గదిలో వాళ్ళకు హుషారు, లేత ఆకుపచ్చలో వాళ్ళకు నిలకడ. నలుపు గురించి ఒకే ఒక్క ముక్క ఉంది. పిల్లల గదికి అసలు వాడరాదు.

"చూశారుగా" అన్నాడు ఫైలు మూస్తూ. "నలుపు వల్లే కొందరికి ఏదీ మనసులో నిలవదు. కొందరికి ఏదీ మనసులోంచి పోదు. నా కూతురికి ఆ రెండూ వద్దు."

ఆ మొదటి "కొందరికి" తన గురించేనని బోర్డమ్మకు అర్థమైంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. చీర కొంగు దోపుకుని సామాన్లు మొయ్యడంలో పడింది. వదినకు ఆదివారం కూడా ఆసుపత్రిలో డ్యూటీ. ఆవిడ ఉంటే కాస్త అడ్డం పడేది, ఇంత బిగుసుకోనిచ్చేది కాదు.

పదకొండయ్యేసరికి రెండు గోడలు తెల్లబడ్డాయి. మావయ్య పని చేస్తుంటే బోర్డమ్మకు ఒక్కో పూతా తన వీపు మీద పడుతున్నట్టుంది. మధ్యలో రెండు మూడుసార్లు సంచీ దగ్గరికి వెళ్ళి సుద్దముక్కల డబ్బా తడిమి వచ్చింది. ఏమని ఇవ్వాలి వాడికి? "అన్నయ్యా, ఇదిగో సుద్దముక్క, నన్ను తిట్టు" అనా?

మూడో గోడ కూడా అయ్యింది. నాలుగో గోడకు ఆనించి పాత చెక్క బీరువా ఉంది. దాన్ని జరపడానికి అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో వైపు పట్టారు.

"మీరు జాగ్రత్త, కాలి మీద పడుతుంది" అన్నాడు అన్నయ్య.

"పడితే పడనీ" అంది ఆమె ఉడుక్కుంటూ.

బీరువా కదిలింది. పైనుంచి దుమ్ముతో పాటు గుడ్డమూట ఒకటి దభీమని కింద పడింది. ముడి వీడి, మూలలు నలిగిన నోటుబుక్కులు గదంతా పరుచుకున్నాయి. అన్నయ్య మొహం చూడాలి అప్పుడు. దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు.

మేనకోడలు అప్పటికే ఒక పుస్తకం తీసేసింది. ఆ పిల్ల రెండో తరగతి. కొత్తగా చదవడం వచ్చింది కనుక కంటపడిన ప్రతి అక్షరమూ పైకి చదవకపోతే దానికి తోచదు. పైగా నోట్లో నువ్వుగింజ నానదు.

"సోమవారం. అన్నయ్య నా రబ్బరు కొరి... కొరికాడు. కింద, చెల్లెలు. చెల్లెలు తుడిచింది." తల ఎత్తింది. "నాన్నా, నువ్వు రబ్బరు తినేవాడివా?"

"ఇటివ్వు తల్లీ, దుమ్ము" అన్నాడు అన్నయ్య.

ఆ పిల్ల చటుక్కున వెళ్ళి నిచ్చెన వెనక నక్కింది. "బుధవారం. నేను నిద్దట్లో పాటలు పాడతానని చెల్లెలు బడిలో అందరికీ చెప్పింది. కింద, నేను. తుడిచాను. మర్చిపోలేదు." పేజీ తిప్పింది. "శుక్రవారం. చెల్లెలు నా చెప్పు కాలవలో వదిలి పడవ పందెం అంది. తుడిచాను. మర్చిపోలేదు." ఇంకో పేజీ. "తుడిచాను. మర్చిపోలేదు. తుడిచాను. మర్చిపోలేదు. నాన్నా, అన్నిటికీ ఇదేనా?"

మావయ్య నిచ్చెన పట్టుకుని నవ్వుతున్నాడు. బోర్డమ్మ నేల మీద కూలబడి, పొట్ట పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. చెప్పు పడవ సంగతి ఆమెకు బొత్తిగా గుర్తులేదు. గుర్తులేకపోయినా నవ్వొచ్చింది. చేసింది తనేనని వినగానే తెలిసిపోయింది మరి.

"నవ్వండి, నవ్వండి" అన్నాడు అన్నయ్య. చెవులు ఎర్రబడ్డాయి.

"అత్తా, ఇది చూడు" అంది పిల్ల. "ఈ పేజీ చుట్టూ గీత గీసుంది." వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "ఆదివారం పొద్దున. గ్లోబు పగలగొట్టింది నేనే. చెల్లెలు కాదు. కింద, నేను." వేలు కింది వరసకు జరిపింది. "ఇది నేను తుడవలేదు. అమ్మ లేవకముందే చెల్లెలు తుడిచేసింది. రూలు తప్పింది. మర్చిపోలేదు. మర్చిపోను."

గదిలో నవ్వు ఆగిపోయింది.

వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ళొచ్చినా బడిలో వెనక బెంచీ గుసగుసలు విన్న చెవులవి. "ఏ గ్లోబు?"

మేనకోడలు పుస్తకం నానమ్మ వైపు తిప్పి చూపించింది.

"బడి గ్లోబేనా? సెలవులకి ఇంటికి తెచ్చిన గ్లోబు? అది పగలగొట్టింది చిన్నది కాదా?" అమ్మ గరిటె అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వా? పిల్లను విహారయాత్రకి పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టానే! మిగతా పిల్లలంతా బస్సెక్కి వెళ్తుంటే అది కిటికీలోంచి చూస్తూ కూర్చుందే! ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాతా చెప్పడం?"

"ఆ రోజే చెప్పానమ్మా" అన్నాడు అన్నయ్య నేల చూస్తూ. "నోటితో చెప్పే ధైర్యం లేక గోడ మీద రాశాను. నువ్వు లేచి చూస్తావు, నన్ను ఆపేసి దాన్ని పంపిస్తావు అనుకున్నా. రాసి మొహం కడుక్కొచ్చేసరికి గోడ తడిగా ఉంది. అది తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. 'నన్నెలాగూ పంపరు, నువ్వన్నా వెళ్ళు' అంది."

బోర్డమ్మ నోరు తెరిచి చూస్తోంది. "నేనా?" అంది. "నేను విహారయాత్రకి వెళ్ళలేదా? నాకు జ్వరం వచ్చిందనుకున్నానే!"

"జ్వరం కాదు, నేను" అన్నాడు అన్నయ్య. "నువ్వు కిటికీలోంచి నాకు టాటా చెప్పావు. నాకు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ రోజు ఏం చూశామో ఒక్కటీ గుర్తులేదు. నువ్వు టాటా చెప్పడమొకటే గుర్తుంది."

వాడు "నువ్వు" అన్నాడని వాడికే తెలియలేదు. బోర్డమ్మకు తెలిసింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుంది. లేచి వెళ్ళి, సంచీలోంచి డబ్బా తీసి, కొత్త సుద్దముక్క ఒకటి వాడి ముందు పెట్టింది.

"అన్నయ్యా, ఎనిమిది నెలలుగా నీకు నా మీద కోపం. నేనేం చేశానో నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. అడిగితే ఇంకా బాధపడతావని అడగలేదు. ఇంకొక్క గోడే మిగిలింది. రాయి."

అన్నయ్య సుద్దముక్క వంక చూశాడు. నాలుగో గోడ వంక చూశాడు. పైనుంచి మావయ్య, "రాయరా, నాకూ కాస్త నడుం వాల్చినట్టుంటుంది" అన్నాడు.

రికార్డు రూం మనిషి రాతది. తేదీ వేశాడు. గంట వేశాడు. అప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

"పదో తారీఖు, పదకొండు గంటలు. ఆఫీసు సభలో నాకు సన్మానం. ఇంటి మనిషికని ఒక్క కుర్చీ ఇచ్చారు. రెండో వరుస, మూడోది. చెల్లెలు వస్తానంది. సభ అయ్యేదాకా కుర్చీ ఖాళీ. కింద, నేను."

మేనకోడలు అది కూడా పైకి చదివేసింది.

బోర్డమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది, నిన్న జరిగినట్టు గుర్తొచ్చింది. ఆ వర్షాకాలం రికార్డు రూంలోకి నీళ్ళొస్తే అన్నయ్య పదహారు రోజులు ఇంటికి రాకుండా, తాళ్ళు కట్టి, క్లిప్పులు పెట్టి, ఫ్యాన్ల కింద రెండు వేల ఫైళ్ళు ఆరబెట్టాడు. దానికే సన్మానం. వదినా అమ్మా పిల్ల జ్వరంతో ఇంట్లో చిక్కుకుపోయారు. "నేనెళ్తాగా, చప్పట్లన్నీ నేనే కొడతా" అంది తను. మర్చిపోకూడదని ముందురోజు పొద్దున డిపో బల్ల మీద, కుడివైపు కింద మూల రాసుకుంది. "రేపు అన్నయ్య సభ, పదకొండు." అదే రోజు సాయంత్రం నాలుగింటికి తడిగుడ్డ తీసుకుని బల్లంతా తుడిచింది. ఆ మూల కూడా తుడిచింది. తన చేత్తోనే తుడిచింది.

"ఆ రోజు నాకు గుర్తే రాలేదన్నయ్యా" అంది.

"తెలుసు. అదే నా బాధ. గుర్తుండీ రాకపోతే కోపమొచ్చేది, పోయేది. నువ్వు మర్చిపోయావు. ఎవరెవరో డ్రైవర్ల పేర్లతో పాటు నన్నూ తుడిచేశావు." ఆగి, మెల్లగా అన్నాడు. "గ్లోబు సంగతి కూడా అలాగే తుడిచేశావని ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళూ నువ్వది మనసులో పెట్టుకుని, పెద్ద మనసు చేసుకుని ఊరుకున్నావనుకున్నా. ఒక్కసారైనా నా మొహాన కొడతావేమోనని ఎదురు చూశాను కూడా. నీ దగ్గర అసలు లేనే లేదది!"

"లేదు" అంది ఆమె. ఏడుస్తూనే నవ్వింది. "జ్వరమనుకున్నానన్నయ్యా!"

అన్నయ్య కూడా నవ్వాడు. ఎనిమిది నెలల నవ్వు ఒక్కసారి వచ్చిందేమో, పక్కన బీరువా పట్టుకోవాల్సి వచ్చింది. అమ్మ గరిటెతో వాడి భుజం మీద ఒకటి వేసి, "ఇది గ్లోబుకి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బోర్డమ్మ బకెట్లోంచి గుడ్డ తీసి, పిండి, అన్నయ్య చేతికిచ్చింది. "ఆదివారమే కదా. తుడిచెయ్."

అన్నయ్య తీసుకోలేదు. "ఇవాళ రాసింది ఇవాళే తుడవరు. వారం ఉండాలి. రూలు రూలే. వచ్చే ఆదివారం తుడుస్తా. నువ్వుండాలి."

"ఒరేయ్, నా నాలుగో గోడ?" అన్నాడు మావయ్య.

"ఆ గోడ నాది" అంది మేనకోడలు. అప్పటికే డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని, గోడ కింది భాగంలో తన ఎత్తులో రాయడం మొదలుపెట్టింది. వంకరటింకర అక్షరాల్లో "నాన్న నన్ను దుమ్ము అని పుస్తకం లాకుంటాడు" అని తేలింది. అన్నయ్య రంగుల కాగితం ఉన్న ఫైలు మెల్లగా బీరువా మీదికి చేరింది. ఆ గదికి మూడు గోడలు ఆకుపచ్చ, ఒకటి నలుపు అని తీర్మానమైంది. అలాంటి గదిలో పెరిగిన పిల్ల ఏమవుతుందో ఏ కాగితంలోనూ లేదు.

మర్నాడు బోర్డమ్మ డిపోకు వెళ్తూనే బల్ల కుడివైపు కింద మూలలో "ఆదివారం, అన్నయ్య ఇల్లు" అని రాసింది. ఈసారి చుట్టూ మందంగా గడి గీసింది. వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పింది. "నాలుగింటికి నేను ఏ ధ్యాసలో ఉన్నా ఆ గడి ముట్టుకోనివ్వకండి." వాళ్ళకు ఇంతకంటే సరదా పని ఏముంది? వారమంతా సాయంత్రం నాలుగయ్యేసరికి బల్ల ముందు నలుగురైదుగురు కాపలా చేరేవారు. గుడ్డ ఆ మూలకు వస్తే చాలు, "అమ్మా, గడి! గడి!" అని డిపో అదిరేలా అరిచేవారు. బుధవారం ఒకసారి నిజంగానే అంచు చెరిగింది. ఆమె గబుక్కున మళ్ళీ గీసింది.

ఆదివారం ఏడున్నరకే తలుపు తట్టింది. అన్నయ్య తలుపు తీసి, గోడ గడియారం చూసి, "ఏయ్ తుడుపుగుడ్డా, ఇంత పొద్దున్నేనా?" అన్నాడు.

గదిలో మూడు గోడలు లేత ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నల్లగోడ మీద ఆ ముత్యాల అక్షరాలు అలాగే ఉన్నాయి. మేనకోడలు తన ఫిర్యాదు తనే తుడిచేసి, అప్పటికే ఇంకొకటి రాసేసింది. అన్నయ్య పాత అలవాటు ప్రకారం ముందు నోటుబుక్కు తెరిచాడు. ముప్పై ఏళ్ళ కిందటి పేజీల తర్వాత మిగిలిన తెల్ల పేజీలో, తేదీతో సహా, కుర్చీ వరసతో సహా ఎక్కించాడు. తర్వాత తడిగుడ్డ తీసుకుని, పైనుంచి కిందికి, నింపాదిగా తుడిచాడు. బోర్డమ్మ పక్కన నిలబడి చివరి అక్షరం పోయేదాకా చూసింది. ఇంత మెల్లగా తుడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

గుడ్డ బకెట్లో పడేసి, చెయ్యి తుడుచుకుని, వాడు పుస్తకంలో చివరి ముక్క రాశాడు. మేనకోడలు వాడి మోచేతి కిందనుంచి దూరి, వేలు పెట్టి చదివింది.

"తుడిచాను."

తర్వాతి ముక్క కోసం వేలు జరిపింది. పేజీ కింది దాకా వెతికింది. పేజీ తిప్పి అవతల కూడా చూసింది.

"అత్తా" అంది, "ఇంకేం లేదు."